ఫైలు ఉంది, ప్రోగ్రాముకే కనబడటం లేదు

జావాతో కాస్తో కూస్తో పరిచయం ఉన్నవాళ్లకు ఈ రెండు వాక్యాలు కంఠతా వచ్చే ఉంటాయి. "నో అపెండర్స్ కుడ్ బి ఫౌండ్ ఫర్ లాగర్" అని ఒకటి, దాని కిందే "ప్లీజ్ ఇనీషియలైజ్ ది లాగ్4జే సిస్టమ్ ప్రాపర్లీ" అని ఇంకొకటి. లాగ్4జే అంటే జావా ప్రోగ్రాము నడుస్తూ ఏం చేస్తోందో వరసగా రాసిపెట్టే లైబ్రరీ. ఆ రాతే లాగ్. ప్రోగ్రాము మాత్రం ఆగదు, దాని పని అది చేసుకుపోతుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు. మూడు నెలలు గడిచాక ఏదో అర్ధరాత్రి పేమెంట్లు నిలిచిపోతాయి. లాగ్ చూద్దామని ఫోల్డర్ తెరిస్తే అక్కడ ఏమీ ఉండదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ కుక్క మొదటి రోజే మొరిగింది, మనమే నిద్ర లేవలేదు.

ఆ వాక్యాలు అసలేం చెబుతున్నాయో చూద్దాం. లాగింగ్ లోపల ఇద్దరు పనివాళ్లు ఉన్నారనుకోండి. ఒకడు లాగర్. కోడ్‌లో మనం రాసిన మాటను అందుకునేది వాడు. రెండోవాడు అపెండర్. ఆ మాటను తీసుకెళ్లి ఫైల్లోనో, తెరమీదో, ఇంకో సర్వర్లోనో రాసేది వాడు. వీళ్లిద్దరికీ ముఖపరిచయం లేదు. ఏ లాగర్ మాట ఏ అపెండర్‌కు చేరాలి, ఏ స్థాయి నుంచి చేరాలి (డీబగ్, ఇన్‌ఫో, వార్నింగ్, ఎర్రర్ అని తీవ్రతను బట్టి పెరిగే స్థాయిలు) అని చెప్పేది కాన్ఫిగరేషన్ ఫైలు. అది చదవకపోతే లాగర్ చేతిలో ఉత్తరం ఉంటుంది, పట్టుకెళ్లడానికి పోస్టుమ్యాన్ ఉండడు. హెచ్చరిక చెప్పేది ఇంతే.

ఆ హెచ్చరికలో బ్రాకెట్ల మధ్య ఒక క్లాసు పేరు కూడా వస్తుంది. చాలామంది అక్కడే దారి తప్పుతారు. ఏదో హెచ్‌టీటీపీ లైబ్రరీ పేరో, డేటాబేస్ కనెక్షన్ పూల్ పేరో కనబడగానే ఆ లైబ్రరీ వెర్షన్ మార్చడం, దాని డాక్యుమెంట్లు తిరగెయ్యడం మొదలుపెడతారు. పాపం ఆ క్లాసు చేసిన తప్పల్లా అందరికంటే ముందు నోరు తెరవడమే. లాగ్4జే ఈ హెచ్చరికను ఒక్కసారే ఇస్తుంది. ఆ తర్వాత వంద లాగర్ల మాటలు గాలికి పోయినా మళ్లీ చెప్పదు. ఆ లైబ్రరీని పీకేసి చూడండి, అదే హెచ్చరిక ఇంకో పేరు తగిలించుకుని వస్తుంది.

మరి ఫైలు దొరకనప్పుడు కనీసం తెరమీదైనా రాయొచ్చు కదా? అలా రాయకపోవడం బద్ధకం కాదు, కావాలనే చేసిన పని. 1996లో యూరోపియన్ యూనియన్ సెంపర్ ప్రాజెక్టు కోసం రాసుకున్న చిన్న ట్రేసింగ్ పరికరం నుంచి లాగ్4జే పుట్టింది. కన్సోల్‌కు గానీ ఫైలుకు గానీ రాయడానికి అనుమతి లేని సర్వర్లు ఉండొచ్చు, మనంతట మనం ఎక్కడో రాసేయడం సరికాదు అన్నది దాన్ని కట్టినవాళ్ల లెక్క. ఆ లెక్కలో న్యాయముంది. కానీ ఆ మౌనం ఎంత ఖరీదైందో తర్వాత తరాల వాళ్లకు అర్థమైంది. అందుకే ఒక్కో లైబ్రరీ ఒక్కో దారి ఎంచుకుంది, మనకు వచ్చే తికమకంతా అక్కడి నుంచే.

లాగ్4జే 2 చూడండి, అది లాగ్4జేకు రెండో తరం. ఫైలు దొరక్కపోతే ఒక డిఫాల్ట్ కాన్ఫిగరేషన్ తనే పెట్టుకుంటుంది. ఎర్రర్ స్థాయి మాటలను మాత్రమే కన్సోల్ మీద రాస్తుంది, మిగతావి మింగేస్తుంది. లాగ్‌బ్యాక్ అనే ఇంకో జావా లాగింగ్ లైబ్రరీ సరిగ్గా దీనికి తిరగబడ్డ రకం. ఫైలు లేదా, అయితే డీబగ్ స్థాయి నుంచి మొత్తం తెరమీద కుమ్మరిస్తుంది. జావాతో పాటే వచ్చే లాగింగ్‌కు జేడీకే (జావా పరికరాల కట్ట) ఫోల్డర్లోనే ఒక ఫైలు సిద్ధంగా ఉంటుంది. మనం ఏమీ ఇవ్వకపోతే దాన్ని చదివి ఇన్‌ఫో, ఆపై స్థాయి మాటలను కన్సోల్ మీద రాస్తుంది. పైథాన్‌లో 3.2 వెర్షన్ నుంచి "లాస్ట్ రిసార్ట్" అనే ఆఖరి ఆసరా ఉంది. వార్నింగ్, ఆపై స్థాయి మాటలను తేదీ లేకుండా, పేరు లేకుండా ఉన్నదున్నట్టు పడేస్తుంది. జబ్బు ఒకటే, లక్షణాలు నాలుగు రకాలు.

నా దృష్టిలో వీటన్నిట్లోకీ ఎక్కువ మోసం చేసేది లాగ్4జే 2. అసలేమీ రాకపోతే మనకు అనుమానం వస్తుంది. ఎర్రర్లు కనబడుతుంటే మాత్రం లాగింగ్ నడుస్తోందనే అనుకుంటాం. ఆ ఎర్రర్‌కు ముందు ఏం జరిగిందో చెప్పే ఇన్‌ఫో వరసలు లేవన్న సంగతి అవసరం పడినప్పుడే తెలుస్తుంది. లాగ్‌బ్యాక్ తీరు చిరాకు తెప్పిస్తుంది గానీ ఏదో తేడాగా ఉందని వెంటనే తెలిసిపోతుంది. దానికున్న ప్రమాదం వేరు. డీబగ్ స్థాయిలో కొన్ని హెచ్‌టీటీపీ లైబ్రరీలు హెడర్లన్నీ రాసేస్తాయి, లాగిన్ రహస్యాలైన టోకెన్లతో సహా.

ఇదే లక్షణాలతో వచ్చే వేరే జబ్బు ఒకటుంది. ముందు దాన్ని పక్కకు తీయాలి. ఎస్ఎల్ఎఫ్4జే అనేది స్వయంగా ఏమీ రాయదు. అది మన జావా కోడ్‌కూ లాగింగ్ లైబ్రరీకీ మధ్య ఒక ముఖద్వారం మాత్రమే. వెనక లాగ్‌బ్యాకో, లాగ్4జేనో ఉండాలి. "ఫెయిల్డ్ టు లోడ్ క్లాస్ స్టాటిక్ లాగర్ బైండర్" అని గానీ, "నో ఎస్ఎల్ఎఫ్4జే ప్రొవైడర్స్ వర్ ఫౌండ్" అని గానీ వచ్చిందంటే పోయింది కాన్ఫిగరేషన్ ఫైలు కాదు, జార్, అంటే లైబ్రరీ కోడ్ ఉన్న కట్ట. మొదటిది 1.x కాలపు మాట, రెండోది 2.0 నాటి మాట. 1.6 వెర్షన్‌కు ముందు ఇలా జరిగితే ప్రోగ్రాము అక్కడికక్కడే కూలిపోయేది. ఆ తర్వాత నుంచి ఏమీ చేయని లాగర్‌ను పెట్టుకుని ముందుకు సాగుతోంది.

2022లో వచ్చిన ఎస్ఎల్ఎఫ్4జే 2.0 ఇంకో చిక్కు తెచ్చింది. వెనక ఎవరున్నారో వెతికే పద్ధతినే అది మార్చేసింది. దాంతో ముందున్న జార్ 2.0 అయి, వెనకున్న లాగ్‌బ్యాక్ 1.2 అయితే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి కూడా ఒకరికొకరు కనబడరు. ఇలాంటప్పుడు లాగ్‌బ్యాక్.ఎక్స్‌ఎంఎల్ ఫైలును ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు, దాన్ని చదివేవాడే లేడు కదా. జావా బిల్డ్ పరికరం మావెన్ వాడేవాళ్లు డిపెండెన్సీ ట్రీ (ఏ జార్ దేన్ని వెంట తెస్తుందో చూపే జాబితా) తీసి రెండిటి వెర్షన్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఎక్కడ వెతుకుతోంది?

జార్‌లన్నీ సరిగ్గానే ఉన్నాయి, నిజంగానే ఫైలు దొరకడం లేదు అనుకుందాం. ఇక్కడ దాదాపు అందరం ఒకే పొరపాటు చేస్తాం. ఫైలు తెరిచి అందులో తప్పు వెతుకుతాం. స్పెల్లింగ్ చూస్తాం, లెవెల్ మారుస్తాం, నెట్‌లో దొరికిన ఇంకో నమూనా అతికిస్తాం. చదవని ఫైల్లో ఏం రాస్తే ఏం? అడగాల్సింది ఫైలును కాదు, ప్రోగ్రామును. అయ్యా, నువ్వు ఎక్కడెక్కడ వెతికావు అని.

జావా సంగతే తీసుకుంటే, లాగ్4జే మన డిస్క్ మీద వెతకదు, క్లాస్‌పాత్‌లో వెతుకుతుంది. క్లాస్‌పాత్ అంటే క్లాసులూ, వాటితో పాటు ఉండాల్సిన ఫైళ్లూ ఎక్కడ దొరుకుతాయో జావాకు ఇచ్చిన చిరునామాల పట్టీ. ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్లోనే, జార్ పక్కనే, కళ్లెదురుగా ఫైలు ఉన్నా ఆ ఫోల్డర్ పట్టీలో లేకపోతే జావాకు అది లేనట్టే. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మావెన్ ప్రాజెక్టులో ఈ ఫైలు ఉండాల్సింది మెయిన్ కింద రిసోర్సెస్ ఫోల్డర్లో. పక్కనున్న జావా ఫోల్డర్లో పెడితే మావెన్ దాన్ని జార్‌లోకి తీసుకెళ్లదు. కొన్ని ఎడిటర్లు మాత్రం తీసుకెళ్తాయి. అందుకే "నా మెషీన్‌లో పనిచేస్తోందండీ" అనే మాట పుడుతుంది. టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ మీద నడిచే వెబ్ అప్లికేషన్‌లో అయితే వెబ్-ఇన్ఫ్ కింద క్లాసెస్ ఫోల్డర్లో ఉండాలి. అనుమానం తీరాలంటే తయారైన జార్‌ను విప్పి చూడటమే. జార్ కమాండ్‌కు టీఎఫ్ అని ఇస్తే లోపలి ఫైళ్ల జాబితా వస్తుంది. సోర్స్ ఫోల్డర్లో ఉందా అన్నది లెక్కలోకి రాదు, జార్‌లో ఉందా అన్నదే లెక్క.

ప్రోగ్రామును నోరు విప్పించే మార్గాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, వాడేవాళ్లే తక్కువ. పాత లాగ్4జేకు జావా కమాండ్‌లో డాష్ డి పెట్టి లాగ్4జే.డీబగ్ అని ఇవ్వండి. ముందు లాగ్4జే.ఎక్స్‌ఎంఎల్ కోసం, తర్వాత లాగ్4జే.ప్రాపర్టీస్ కోసం ఏ క్లాస్‌లోడర్‌తో (క్లాసులను వెతికి తెచ్చే జావా భాగం) ఎక్కడ వెతికిందో వరసగా చెబుతుంది. రెండో తరానికి లాగ్4జే2.డీబగ్. లాగ్‌బ్యాక్‌కు స్టేటస్ లిజనర్ క్లాసు పేరు అలాగే ఇవ్వాలి. లాగ్‌బ్యాక్ ఫైల్లోనే డీబగ్ ఈక్వల్స్ ట్రూ అని రాసే పద్ధతి కూడా ఉంది. లాగ్4జే 2లో అలాంటిదే స్టేటస్ అనే గుర్తు. మామూలప్పుడు రెండూ బాగానే పనిచేస్తాయి. కానీ ఫైలే దొరకని జబ్బుకు మందు ఆ ఫైల్లోనే రాయడం, తాళం పోయిన బీరువాలో మారుతాళం దాచుకోవడం లాంటిది. ఇలాంటప్పుడు కమాండ్ లైన్ ఒక్కటే దిక్కు.

కమాండ్ లైన్ దగ్గరా రెండు గుంటలున్నాయి. ఆ రెండిట్లోనూ నేను పడ్డాను. పాత లాగ్4జేకు ఫైలు చిరునామా నేరుగా ఇవ్వొచ్చు గానీ అది యూఆర్ఎల్ రూపంలో, ముందు ఫైల్ అనీ కోలన్ అనీ పెట్టి ఇవ్వాలి. ఉత్త పాత్ ఇస్తే దాన్ని మళ్లీ క్లాస్‌పాత్‌లోనే వెతుకుతుంది. లైనక్స్ మీద ఎల్ఎస్ కమాండ్ కొడితే కనబడుతున్న ఫైలు లాగ్4జేకు ఎందుకు లేదో నాకు ఒక పూట అర్థం కాలేదు. రెండోది ఇంకా సిల్లీ. డాష్ డితో ఇచ్చేవన్నీ డాష్ జార్ కంటే ముందు ఉండాలి. జార్ పేరు తర్వాత రాస్తే జావా వాటిని తన కోసం అనుకోదు, మన ప్రోగ్రాముకు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు అనుకుని అటు పంపేస్తుంది. తప్పని ఎవరూ చెప్పరు. అప్పట్లో నేను పనిచేసిన చోట స్టార్టప్ స్క్రిప్ట్‌లో ఈ వరస తిరగబడి ఏడాదికి పైగా అలాగే ఉంది. ఆ ఏడాదంతా అందరం ఆ లాగ్ ఫైలు "లెవెల్ తక్కువ పెట్టారేమో" అనుకున్నాం.

పేరులో ఒక్క అంకె

2021 డిసెంబరులో లాగ్4జేలో లాగ్4షెల్ అనే భద్రతా లోపం బయటపడి ప్రపంచమంతా గగ్గోలు పుట్టాక ఈ సమస్యకు కొత్త ఊపు వచ్చింది. ఆ లోపం ఉన్నది రెండో తరంలో. కానీ తనిఖీలు మొదలయ్యేసరికి 2015లోనే నిర్వహణ ఆగిపోయిన మొదటి తరం జార్‌లు కూడా కళ్లబడ్డాయి. వాటిని తీసి లాగ్4జే 2 పెట్టమన్నారు. జార్ మారింది, కాన్ఫిగరేషన్ ఫైలు పాతదే మిగిలింది.

రెండో తరం వెతికేది లాగ్4జే2 అనే పేరుతో ఉన్న ఫైళ్ల కోసం. చివర 2 లేకపోతే దాన్ని తనది అనుకోదు. ముందు టెస్ట్ అని ఉన్నవి, తర్వాత మామూలువి. ప్రతి విడతలోనూ ప్రాపర్టీస్, యామెల్, జేసన్, ఎక్స్‌ఎంఎల్ అనే వరసలో చూస్తుంది. పేరు మార్చేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. ప్రాపర్టీస్ ఫైలు లోపలి వ్యాకరణమే వేరు. పైగా 2.4 వెర్షన్ వచ్చేదాకా ఈ తరానికి ప్రాపర్టీస్ ఫైలు చదవడమే రాలేదు. పాత ఫైలును ఉన్నదున్నట్టు చదివించే ఏర్పాటు వంతెన జార్‌లో తర్వాత వచ్చింది. మనం విడిగా అడిగితే తప్ప అది పని మొదలుపెట్టదు. ఇంత తలనొప్పి వద్దనుకున్నవాళ్లకు 2022లో వచ్చిన రీలోడ్4జే ఉంది. అది మొదటి తరానికి మరమ్మతు చేసిన రూపమే కాబట్టి పాత ఫైలునే చదువుకుంటుంది.

పైథాన్ తప్పు పేరు చెప్పిన కాలం

పైథాన్‌లో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. నచ్చింది అనకూడదేమో, దానివల్ల ఎంతమంది సాయంత్రాలు పోయాయో. లాగింగ్ మాడ్యూల్లో కాన్ఫిగరేషన్ ఫైలు చదివి లాగింగ్‌ను అమర్చే ఫైల్‌కాన్ఫిగ్ అనే ఫంక్షన్ ఉంది. దానికి లేని ఫైలు పేరు ఇస్తే "ఫైలు లేదు" అనాలి కదా? చాలా ఏళ్లు అలా అనలేదు. "కీఎర్రర్: ఫార్మాటర్స్" అనేది. మనిషన్నవాడు ఏం చేస్తాడు? ఫైలు తెరిచి ఫార్మాటర్స్ అనే భాగం ఉందో లేదో చూస్తాడు. ఉంటుంది. స్పెల్లింగ్ చూస్తాడు. సరిగ్గానే ఉంటుంది. ఇక జుట్టు పీక్కోవడమే.

లోపల జరిగేది ఇది. ఆ ఫంక్షన్ ఫైలును చదివే పనిని కాన్ఫిగ్‌పార్సర్‌కు అప్పగిస్తుంది. కాన్ఫిగ్‌పార్సర్‌కు నాలుగైదు ఫైళ్ల పేర్లిచ్చి, ఉన్నవి చదువు, లేనివి వదిలెయ్ అనడం మామూలు వాడుక. కాబట్టి లేని ఫైలు దాని దృష్టిలో తప్పే కాదు. ఖాళీ చేతులతో వెనక్కి వస్తుంది. ఆ ఖాళీలో లాగింగ్ మాడ్యూల్ మొట్టమొదట అడిగే భాగం ఫార్మాటర్స్. లేదని అరుస్తుంది. లాగ్4జే హెచ్చరికలో బ్రాకెట్ల మధ్య ఇరుక్కున్న క్లాసు లాంటిదే ఇదీ, మొదట ఎదురుపడ్డ పాపానికి పేరు చెడింది. 2023లో వచ్చిన 3.12 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు. ఇప్పుడు ఫైలు లేకపోతే లేదనే చెబుతుంది, ఖాళీగా ఉంటే ఖాళీ అంటుంది. కానీ అంతకన్నా పాత పైథాన్ మీద నడుస్తున్న సర్వర్లలో ఆ పాత మాటే వినిపిస్తుంది.

అసలు ఆ ఫైలు ఎందుకు దొరకలేదు అంటే, ఇక్కడ క్లాస్‌పాత్ గొడవ లేదు, ప్రోగ్రాము నిలబడి ఉన్న ఫోల్డర్ గొడవ. ఉత్త పేరు ఇస్తే అది ఇప్పుడున్న ఫోల్డర్ నుంచి వెతకమని అర్థం. మనం టెర్మినల్లో ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపితే దొరుకుతుంది. అదే స్క్రిప్టును వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెడితే అది యూజర్ హోమ్ ఫోల్డర్లో నిలబడుతుంది. లైనక్స్ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింద పెట్టి వర్కింగ్ డైరెక్టరీ చెప్పకపోతే ఏకంగా రూట్ ఫోల్డర్లో. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, నిలబడ్డ చోటు మారింది. ఫైలు పాత్‌ను ఆ పైథాన్ ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కగట్టేలా రాస్తే ఈ బాధ పోతుంది. కనీసం తప్పు వచ్చినప్పుడు ఇప్పుడున్న ఫోల్డర్ ఏదో ప్రింట్ చేసినా చాలు, సగం పని అయినట్టే.

ప్రోగ్రామును కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే డాకర్‌లో దీనికి ఒక చమత్కారమైన రూపముంది. డాష్ వి పెట్టి బయటి ఫైలును కంటైనర్ లోపలికి తగిలిస్తాం. బయట ఆ ఫైలు లేకపోతే డాకర్ ఊరుకోదు, ఆ పేరుతో ఒక ఫోల్డర్ సృష్టిస్తుంది. కంటైనర్‌లోకి వెళ్లి చూస్తే లాగ్‌బ్యాక్.ఎక్స్‌ఎంఎల్ అనే పేరు చక్కగా కనబడుతుంది. తొందరలో అది ఫైలా ఫోల్డరా అని ఎవరు చూస్తారు? మౌంట్ అనే పెద్ద రూపం వాడితే ఇలా చేయదు, బయటి ఫైలు లేదని ముందే చెప్పి ఆగిపోతుంది. ఇలాంటి కంటైనర్లను నిర్వహించే కుబర్నెటీస్‌లో ఇంకో రకం. సెట్టింగులు దాచే కాన్ఫిగ్‌మ్యాప్‌ను ఏ ఫోల్డర్ మీద తగిలిస్తే ఆ ఫోల్డర్లో ఇమేజ్‌తో వచ్చిన ఫైళ్లన్నీ కప్పబడిపోతాయి.

దొరికింది, అయినా వినడం లేదు

ఫైలు దొరికాక కూడా కథ మిగిలి ఉండొచ్చు. దొరికింది మీ ఫైలేనా? ఏదో లైబ్రరీ జార్‌లో దాని రచయిత మరిచిపోయి వదిలేసిన లాగ్‌బ్యాక్.ఎక్స్‌ఎంఎల్ ఉండొచ్చు. క్లాస్‌పాత్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే లాగ్‌బ్యాక్ హెచ్చరిస్తుంది గానీ, మొదట కనబడ్డదే తీసుకుంటుంది. పైథాన్‌లో లాగింగ్‌ను క్లుప్తంగా అమర్చే బేసిక్‌కాన్ఫిగ్‌ను పిలిచేసరికి ఏదో లైబ్రరీ అప్పటికే అన్నిటికీ పైనున్న రూట్ లాగర్‌కు హ్యాండ్లర్ (పైథాన్‌లో అపెండర్‌కు పేరు) తగిలించి ఉంటే మన పిలుపు ఏమీ చేయకుండా నిశ్శబ్దంగా వెనుదిరుగుతుంది. దీన్ని దాటడానికి ఫోర్స్ అనే ఆర్గ్యుమెంట్ 3.8లో వచ్చింది. ఇక ఫైల్‌కాన్ఫిగ్ అయితే, తనకంటే ముందే పుట్టిన లాగర్లలో ఫైల్లో తమ పేరు గానీ తమ పైలాగర్ పేరు గానీ లేనివాటి నోరు నొక్కేస్తుంది. డిసేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్ అన్నదాన్ని ఫాల్స్ చేస్తే తప్ప వదలదు. ఇది డిఫాల్ట్‌గా ట్రూ ఎందుకుండాలో నాకిప్పటికీ మింగుడుపడదు. పాత అలవాటు చెడకూడదని అలాగే ఉంచారు.

అన్ని జార్‌లనూ కలిపి ఒకే లావుపాటి జార్ చేసేవాళ్లకు లాగ్4జే 2తో మరో ఇబ్బంది. తన ప్లగిన్ల జాబితాను అది ఒక డ్యాట్ ఫైల్లో రాసుకుంటుంది. కలిపేటప్పుడు ఒక జార్‌లోని జాబితా ఇంకో జార్‌లోని జాబితాను తుడిచేస్తే, కాన్ఫిగరేషన్ ఫైలు దొరికినా అందులోని మాటలు దానికి అర్థం కావు. "అన్‌రికగ్నైజ్డ్ ఫార్మాట్ స్పెసిఫయర్" అని వరసగా వస్తే ఫైలును కాదు, జార్‌లను కలిపిన తీరును అనుమానించాలి.

ఇన్ని దారుల్లో మీది ఏదో తేల్చుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది. నేను ఇప్పటికీ మొదట చేసేది అదే. లాగ్ వరస ఎలా ఉండాలో చెప్పే ప్యాటర్న్ ఉంటుంది కదా, దాని మొదట్లో ఎక్కడా రాని మాట ఏదైనా పెట్టండి. నేను "గోంగూర" అని పెడతాను. బిల్డ్ చేసి, సర్వర్‌లో ఎలా నడుపుతారో అచ్చంగా అలాగే నడపండి. ప్రతి వరస ముందూ గోంగూర వస్తే ఆ ఫైలునే చదువుతోంది, ఇక తప్పు వెతకాల్సింది దాని లోపలే. రాకపోతే ఎడిటర్ మూసేసి కమాండ్ లైన్‌కు వెళ్లండి. ఏది తేలినా, మెర్జ్ చేసే ముందు ఆ గోంగూర తీసేయడం మాత్రం మరిచిపోకండి. ఒకసారి నేను మరిచిపోతే మూడు వారాలు ప్రొడక్షన్‌లో ఉండిపోయింది.